రాతిగుట్టకు ఎంత బూటు కావాలి?

ధర చీటీ దగ్గర మొదలైంది వాదన. సూర్యాపేట బజారులో ఒక చెప్పుల దుకాణం. బామ్మర్ది చేతిలో చీలమండ దాటి పైకి వచ్చే తోలు బూటు, దానికి 6,499 రూపాయల చీటీ. బావ చేతిలో పక్క అరలోంచి తీసిన పొట్టి బూటు, 1,199 రూపాయలు. బామ్మర్ది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. బావ కోదాడలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాడు. చలికాలంలో పిల్లల్ని తీసుకుని ఫణిగిరి, ఆ తర్వాత ఉండ్రుగొండ, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం పోవాలన్నది ఇద్దరి ఆలోచన. అంతవరకూ ఒకే మాట. కాళ్లకు ఏం తొడుక్కోవాలన్న దగ్గరే పేచీ.

"బావా, సలేశ్వరం అంటే మన సద్దుల చెరువు కట్ట కాదు. లోయలకు దిగాలె, మళ్లీ ఎక్కాలె. అంతా రాయే. మీరు చూపించేటియి అక్కడ ఆగుతయా?"

"ఆ దారిల పోయేటోళ్లను చూసినవా? చానామంది హవాయి చెప్పులతోటే దిగుతరు."

"దిగుతరు, నిజమే. తెగిన చెప్పులు చేతిల పట్టుకొని ఎక్కేటోళ్లను కూడ చూసిన."

సూర్యాపేట జిల్లాలో గుట్టలకు కొదవ లేదు. చివ్వెంల వైపు ఉండ్రుగొండ ఉంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పెట్టిన తొలినాటి బౌద్ధ కళా ప్రదర్శనకు ఫణిగిరి తోరణ శిల్పం వెళ్లింది. 2024లో అక్కడే తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇంత సంపద కూతవేటు దూరంలో ఉండగా, మంచి బూట్లు కొనే స్తోమత లేదన్న కారణంతో ఒక కుటుంబం ఇంట్లో ఆగిపోకూడదు. నాసిరకం జోడుతో వెళ్లి కాలు బెణికించుకుని రాకూడదు కూడా. అందుకే ఈ బావాబామ్మర్దుల వాదన చివరిదాకా వినదగినది.

బావ మొదటి దెబ్బ బరువు మీద కొట్టాడు.

"ఈ తోలు జత దగ్గరదగ్గర కిలోన్నర ఉంటది. ఈ పొట్టి జత ఏడు వందల గ్రాములు. అంటే ఒక్కో కాలికి 400 గ్రాముల తేడా."

"400 గ్రాములు కూడ ఒక లెక్కనా బావా?"

"లెక్కల మనిషివి, నువ్వే చెయ్యి. అయిదు కిలోమీటర్లు నడవాలంటే సుమారు ఏడు వేల అడుగులు పడతయి. అడుగుకు 400 గ్రాములు ఎక్కువ ఎత్తుతున్నవు."

బామ్మర్ది క్షణం ఆలోచించాడు. "2,800 కిలోలు. 28 క్వింటాళ్లు."

"50 కిలోల బస్తాలైతే?"

"56 బస్తాలు."

"మీ మిల్లుల 56 బస్తాలెత్తిన హమాలీకి కూలి ఇస్తరు. నువ్వు ఆరు వేలు ఎదురిచ్చి మరీ ఎత్తుతనంటున్నవు."

ఈ మాటకు ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. అమెరికా సైన్యం కోసం పనిచేసిన సోల్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు 1969లో తమ ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒకే బరువును నడుముకో వీపుకో కట్టుకున్నప్పటి కంటే పాదాలకు కట్టుకున్నప్పుడు, నడక వేగాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందని తేలింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. వీపు మీది బరువు మనిషితో పాటు నిలకడగా సాగిపోతుంది. పాదం మాత్రం ప్రతి అడుగుకూ ఆగుతుంది, లేస్తుంది, ముందుకు ఊగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ ఊపునంతా కండరమే ఇవ్వాలి. అలసిన కాలే రాయికి తగులుతుంది, అలసిన కాలే తడబడుతుంది. కాబట్టి తేలిక బూటును సుఖం కోసమే అడుగుతున్నారనుకోకూడదు, అందులో భద్రత కూడా ఉంది.

బామ్మర్ది అంత తేలిగ్గా వదల్లేదు.

"మరి పెద్ద పెద్ద పర్వతాలు ఎక్కేటోళ్లు బరువు బూట్లు ఎందుకు తొడుగుతరు బావా? మాలావత్ పూర్ణ ఎవరెస్టు మీదికి కాన్వాసు బూట్లతోటి పోయిందా?"

"పోలేదు. పోతే వేళ్లు మిగలవు. ఆ పిల్ల 2014 మే 25 నాడు శిఖరం ఎక్కింది, పద్నాలుగేండ్లు కూడ నిండలేదు. అక్కడ మంచు. చలికి వేళ్లు చచ్చుబడకుండ బూటు లోపల ఇంకో బూటు కావాలె. మంచుల దిగేటట్టు ఇనుప పళ్ల క్రాంపాన్లు బిగియ్యాలంటే అడుగు వంగకుండ గట్టిగ ఉండాలె. ఉండ్రుగొండల ఈ రెండిట్ల ఏదున్నది? ఆ పిల్ల మొదలు నేర్చుకున్నది మన భువనగిరి రాయి మీద. ఆ రాయికి వేరే బూటు, ఎవరెస్టుకు వేరే బూటు."

"రబ్బరు అడుగుకు పళ్లు పెట్టింది కూడ పర్వతాల కోసమే గద. ఇటలీ ఆయన కథ నేను చదివిన."

ఆ కథ చెప్పుకోదగినదే. విటాలె బ్రమాని ఇటలీకి చెందిన పర్వతారోహకుడు. 1935లో ఆల్ప్స్‌లో ఆయన సహచరులు ఆరుగురు తుపానులో చిక్కుకుని చనిపోయారు. ఆ రోజుల్లో మేకులు కొట్టిన తోలు బూట్లతో కొండ కింది దాకా నడిచి, రాయి ఎక్కేటప్పుడు పల్చటి బూట్లకు మారేవారు. ఆ పల్చటి బూట్లు చలికి ఆగలేదు, మంచు మీద పట్టివ్వలేదు. బ్రమాని రెండు పనులూ ఒకే బూటు చేయాలని పట్టుబట్టి, టైర్ల కంపెనీ పిరెల్లీ సాయంతో 1937లో లోతైన పళ్లున్న రబ్బరు అడుగు తయారు చేశాడు. ఆయన పేరులోని అక్షరాలతోనే వైబ్రం అన్న పేరు పుట్టింది. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటాలియన్ బృందం వాడింది ఆ అడుగులనే.

"బాగ చదివినవు," అన్నాడు బావ. "అందుల అసలు పని చేసింది రబ్బరు. పళ్లు మట్టికి, మంచుకు పనికొస్తయి. నువ్వు భువనగిరిల రాక్ క్లైంబింగ్ నేర్చుకునేటోళ్ల బూట్లు తిప్పి చూడు. అడుగు నున్నగ ఉంటది, ఒక్క పన్ను కూడ ఉండదు. ఎండు రాయి మీద ఎంత ఎక్కువ రబ్బరు ఆనితే అంత పట్టు."

ఇక్కడ కాస్త ఆగాలి. బూటు ఎంపికలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, దుకాణాల్లో అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ ఇదే. సూర్యాపేట చుట్టుపక్కల గుట్టలు గ్రానైటు జాతి రాయి. దాని పైముఖం గరుకు. ఎండగా ఉన్నప్పుడు మెత్తటి రబ్బరు ఆ గరుకులోకి కాస్త ఒదిగి గట్టిగా పట్టుకుంటుంది. ఎత్తయిన పళ్లున్న అడుగైతే ఆ పళ్ల కొసలు మాత్రమే రాయికి ఆనుతాయి. అదే గుట్ట మీద వాలులో మొరం పరుచుకుని ఉన్న చోట సంగతి తిరగబడుతుంది. చిన్న చిన్న గుళికలు కాలి కింద దొర్లుతాయి. అక్కడ పళ్లు లేని అడుగుతో దిగడం ప్రమాదం. కోదాడ దాటి మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు వెళితే రాయే మారిపోతుంది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలన్నీ ఆధారపడింది సున్నపురాయి మీద. పది మంది నడిచి నునుపు తేలిన సున్నపురాయి మీద నాలుగు చినుకులు పడితే ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. ఇక మిర్యాలగూడ నుంచి దేవరకొండ, డిండి మీదుగా నల్లమలలోకి పోతే పలకలుగా విరిగే గట్టి రాళ్లు, వాటికి పదునైన అంచులు. అడుగు మరీ మెత్తగా ఉంటే ప్రతి అంచూ అరికాలికి తెలుస్తుంది.

ఈ మూడు రకాల నేలకూ కలిపి ఒక్క జత కొనాలంటే కావలసింది మధ్యరకం: రబ్బరు అడుగు, మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించని పళ్లు, అవి దగ్గరదగ్గరగా, పైభాగం వెడల్పుగా ఉండాలి. ఇది 1,500 రూపాయల బూటులోనూ దొరుకుతుంది, 6,500 బూటులో లేకుండానూ పోవచ్చు.

అప్పుడు బామ్మర్ది బావ చేతిలోని పొట్టి బూటు లాక్కుని తిప్పి చూశాడు. బొటనవేలి గోరు అడుగులోకి నొక్కాడు. గోటి గాటు అట్లాగే నిలిచిపోయింది.

"బావా, ఇంతసేపు రబ్బరు రబ్బరు అంటున్నరు. మీరు పట్టుకున్న దానికి రబ్బరే లేదు. అంతా నురగే. తుమ్మ ముల్లు మీద కాలేస్తే ఇటు గుచ్చి అటు తేల్తది."

బావ బూటును దగ్గరగా చూసి మాట్లాడకుండా అరలో పెట్టేశాడు. ఈ ఘట్టంలో గెలుపు పూర్తిగా బామ్మర్దిదే. తేలిక అన్న మాట పట్టుకుని కొనేవాళ్లు చాలామంది పడేది ఈ గుంటలోనే. పరుగు బూట్ల ఆకారంలో ఎనిమిది వందలకు, వెయ్యికి దొరికే జతల్లో చాలావాటికి అడుగంతా ఈవీఏ నురగే ఉంటుంది. కొన్నింటికి మెరిసే గట్టి పీవీసీ ఉంటుంది. నురగ తారు రోడ్డు మీద హాయిగా ఉంటుంది. గుట్ట మీద అది గరుకు రాతికి తొందరగా అరుగుతుంది, సర్కారు తుమ్మ ముల్లును ఆపలేదు. పీవీసీ తడి రాతి మీద జారుతుంది. అసలైన రబ్బరును గోటితో నొక్కితే కాస్త లోపలికి పోయి వెంటనే యథాస్థితికి వస్తుంది. వేళ్లతో రాస్తే కొంచెం పట్టుకున్నట్టు ఉంటుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మన పల్లెల్లో పాత తరం దీనికి తనదైన పరిష్కారం కనిపెట్టుకుంది. లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. చేనుగట్ల మీద, కంపల్లో పల్లేరు కాయలకూ ముళ్లకూ అవి జంకేవి కావు. బరువెక్కువ, మడమకు పట్టు లేదు, దిగుడులో కాలు ముందుకు జారిపోతుంది. అయినా ముల్లు విషయంలో నేటి నురగ బూటు వాటికి సాటి రాదు.

"సరే, రబ్బరు అడుగు ఉన్న పొట్టి బూటే తీసుకుందం," బావ పంథా మార్చాడు. "ఎత్తు బూటు మాత్రం వద్దు."

"కాలు మడత పడితే చీలమండను ఏది పట్టుకుంటది?"

"బూటు పట్టుకుంటదన్న నమ్మకమే ఎక్కువ. అమెరికాల కాలేజీ బాస్కెట్‌బాల్ పిల్లల మీద పరీక్ష చేసిన్రు. 1993ల అచ్చయింది. 622 మంది. కొందరికి ఎత్తు బూట్లు, కొందరికి పొట్టియి. బెణుకులల్ల చెప్పుకోదగ్గ తేడా రాలే."

"అది చెక్క నేల బావా. రాళ్లు కాదు."

"ఒప్పుకుంట. అది రాళ్ల మీద చేసిన పరీక్ష కాదు. నేను బడిల పిల్లలతోటి ఒంటికాలి మీద నిలబెట్టే ఆటలు ఆడిచ్చేది ఎందుకనుకున్నవు? చీలమండ చుట్టూ కండరం తయారు కావాలె. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు, నెల తిరిగేసరికి నీకే తెలుస్తది."

"ఇదివరకే బెణికిన కాలైతే?"

"వాళ్లకు ఎత్తు బూటే మేలు. లేదంటే కాలికి పట్టీ వెయ్యాలె."

"పాముల సంగతి?"

ఈ ప్రశ్న తోసిపుచ్చేది కాదు. రాళ్ల సందుల్లో, ఎండుగడ్డిలో రక్తపింజర ఉండే నేల మనది. పాముకాట్లలో ఎక్కువ భాగం పాదాల మీద, పిక్కల కింద పడతాయి. ఎత్తయిన తోలు బూటు కొంత అడ్డుపడుతుంది. పిక్కను అదీ కాపాడలేదు. మందపాటి ప్యాంటు, చేతిలో కర్ర, చీకటి పడక ముందే కిందికి దిగడం, కనబడని సందుల్లో చేయి పెట్టకపోవడం, ఈ నాలుగూ కలిస్తే బూటు ఎత్తు కంటే ఎక్కువ రక్షణ ఇస్తాయి. కాటు పడితే కట్టు కట్టి కోయడం, మంత్రాలు అన్నీ మాని, కాలు కదపకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి చేరాలి.

బావ తన తెల్ల కాన్వాసు బూట్ల కాలం గుర్తు చేసుకుని అమెరికా అవ్వ ఎమ్మా గేట్‌వుడ్ పేరెత్తాడు. 1955లో 67 ఏళ్ల వయసులో ఆమె కాన్వాసు బూట్లతో అపలాచియన్ కాలిబాటను ఆ కొస నుంచి ఈ కొస దాకా, మూడు వేల కిలోమీటర్లకు పైగా, ఒంటరిగా నడిచింది. భుజానికి వేసుకున్న సంచీ కూడా తానే కుట్టుకున్నదే. బామ్మర్దికి ఆ అవ్వ మీద గౌరవం కలిగింది గాని వాదన వదల్లేదు. "ఒక్క జతతోటి నడవలేదు బావా. జతలకు జతలు అరిగినయి." అదీ నిజమే. బడిపిల్లల కాన్వాసు బూటుకు రబ్బరు అడుగు ఉంటుంది, ఎండు గ్రానైటు మీద పట్టు బాగానే ఇస్తుంది. దాని లోపం పలుచదనం. రెండు గంటలు రాళ్ల మీద నడిస్తే అరికాలు కందిపోతుంది. లోపల మందపాటి ఇన్‌సోల్ వేసుకుంటే ఫణిగిరి వంటి చిన్న గుట్టకు సరిపోతుంది. సలేశ్వరానికి సరిపోదు.

డబ్బు సంగతికి వస్తే, ఇప్పుడు కొనేవాడికి ఒక మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయల లోపు ఉన్న పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతమే. అంతకు ముందు వెయ్యి దాటితే 18 శాతం కట్టాల్సి వచ్చేది. 2,500 దాటిన జత మీద ఇప్పటికీ 18 శాతమే. మన గుట్టలకు కావలసిన బూటు సరిగ్గా ఆ తక్కువ పన్ను గీత లోపలే దొరుకుతుంది.

ఖరీదైన బరువు బూటుకు ఇంకో చిక్కుంది, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. చాలావాటి మధ్యపొర పాలీయురెథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమకు అది ఏళ్ల తరబడి లోలోపలే క్షీణిస్తుంది, వాడకుండా అటక మీద పెట్టినా సరే. ఏడాదికి ఒకసారి గుట్టెక్కేవాడు అయిదారేళ్ల తర్వాత దాన్ని తీసి తొడుక్కుంటే, సగం దారిలో అడుగు ఊడి చేతికి రావచ్చు. తక్కువ ధర జత కొని బాగా వాడి, అరగగానే మార్చడమే తెలివైన ఖర్చు. జిగురు మాత్రమే పెట్టిన అడుగైతే కొన్న వారంలోనే చెప్పులు కుట్టే ఆయన దగ్గర చుట్టూ కుట్టు వేయించుకోవాలి. గ్రానైటు ఎండకు కాలినప్పుడు మొదట వదిలేది ఆ జిగురే.

మూడో బూటు దుకాణదారే తెచ్చాడు. పొట్టిది, రబ్బరు అడుగు, ముందు వేళ్ల దగ్గర రబ్బరు కప్పు. 1,649 రూపాయలు. ఇద్దరూ గోటితో నొక్కి చూశారు. అక్కడి నుంచి బావలోని పాత డ్రిల్లు మాస్టారు పనిలో దిగాడు.

"రెండు చేతులతోటి వంచు. వేళ్ల మొదట్ల వంగాలె, నడుమ వంగొద్దు. నడుమ విరిగినట్టు వంగితే పెట్టెల పెట్టియ్యి. ఇప్పుడు మడమ వెనక భాగం నొక్కు. లొట్టపోవద్దు. సాక్సు తెచ్చుకున్నవా?"

"కొత్తయి ఇక్కడనే తీసుకుంట."

"నూలు సాక్సు వద్దు. చెమట పట్టి అట్లనే ఉంచుకుంటది, బొబ్బలొస్తయి. నైలానో పాలిస్టరో కలిసినయి తీస్కో. తొడిగి లేసు కట్టకుండ కాలు ముందుకు తొయ్యి. మడమ వెనక ఒక వేలు దూరాలె. ఇప్పుడు మడమ వెనక్కి తట్టి లేసు బిగియ్యి. పై రంధ్రం ఖాళీగ వదిలినవేంది? అందుల్నుంచి కూడ తియ్యి. దిగుడుల మడమను ఆపేది అదే."

సాయంత్రం పూట కొనమని కూడా బావ సలహా. రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, గుట్ట మీదా అంతే ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన బూటు మధ్యాహ్నం దిగుడులో గోళ్లను నల్లబరుస్తుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. ఆన్‌లైన్లో వంద రూపాయలు తక్కువకు దొరికినా, మొదటి జత మాత్రం తొడిగి చూసే కొనాలి.

బామ్మర్ది లేచి దుకాణంలో నాలుగడుగులు వేశాడు. "బాగనే ఉన్నయి."

"టైల్స్ మీద ఏ బూటైనా బాగనే ఉంటది," అన్నాడు బావ. బయటికి తీసుకుపోయి దుకాణం ముందు వాలుగా ఉన్న రాతి బండ మీద కిందికి దింపించాడు. వేళ్లు ముందుకు తగల్లేదు. మడమ లేవలేదు. బామ్మర్ది అదే జత తీసుకున్నాడు. మిగిలిన డబ్బులో రెండు జతల సాక్సులు, ఒక మెడికల్ టేపు చుట్ట. గుట్టకు పోయే ముందు రెండు వారాలు రోజూ సాయంత్రం అవే వేసుకుని నడవాలని ఒప్పందం. చీలమండ సంగతి మాత్రం ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. బామ్మర్ది ఒక క్రేప్ పట్టీ కూడా సంచీలో పెట్టుకున్నాడు, బావ వద్దనలేదు.

ఈ వాదనలో తేలిన దాంట్లో బరువు గురించి బావ మాట, అడుగు గురించి బామ్మర్ది మాట రెండూ నిలబడేవే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చెప్పుల దుకాణదారులకు ఒక విన్నపం. గ్రానైటు తుక్కు పలకలు మన దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. గరుకు ముఖం పైకి పెట్టి, ఒక వైపు జానెడు ఎత్తు లేపి, దుకాణం మూలలో ఒకటి వేయించండి. కొనేవాళ్లను దాని మీద ఎక్కించి దించండి. ఫణిగిరికి పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయే ఉపాధ్యాయులు బస్సు ఎక్కించడానికి రెండు రోజుల ముందే ప్రతి పిల్లవాడి బూటు తిప్పి అడుగు చూడాలి. అరిగి నున్నబడినవి, అన్నవో అక్కవో రెండు కొలతలు పెద్దవి తొడిగినవి కనబడితే ఇంటికి కబురు పెట్టాలి. ఆ రెండు రోజుల్లో పక్కింటి నుంచో బంధువుల దగ్గర నుంచో సరిపోయే జత ఒకటి సమకూర్చుకోవచ్చు.